మీటరు చెప్పే సాక్ష్యం

గత నెల జుమా నమాజు ముగిశాక, సింగరేణిలో పదవీ విరమణ పొందిన ఒక సోదరుడు బెల్లంపల్లిలో మా పక్కన వచ్చి కూర్చున్నారు. "మౌలానా, రెండు పాత కార్లు చూశాను. రెండూ 2015వే, రెండూ డీజిలువే. ఒకటి 38 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంకొకటి 94 వేలు. తక్కువ తిరిగినదానికి 60 వేల రూపాయలు అధికంగా అడుగుతున్నారు. ఏది తీసుకోమంటారు?" అన్నారు. చేతిలో ఉన్నది గ్రాట్యుటీ సొమ్ము.

మేము యంత్రవిద్య నేర్చినవారము కాము. అయితే సాక్ష్యాన్ని పరీక్షించే పద్ధతి చదువుకున్నాము. మీటరులోని అంకె కూడా ఒక సాక్షియే. దాన్ని బలపరిచే సాక్షులు ఉన్నారా అని చూడాలి.

94 వేల కారు యజమాని ప్రతిదినం ఉద్యోగానికి మంచిర్యాల వెళ్లివచ్చేవారట. రానుపోను సుమారు 40 కిలోమీటర్లు. ఏడాదికి 250 పనిదినాలైతే 10 వేలు. లెక్క సరిపోయింది. ప్రతి సర్వీసు బిల్లుపైనా నాటి అంకె ఉంది.

రెండవది ఓపెన్‌కాస్ట్ గని వద్ద అద్దెకు నడిచిన బండి. అక్కడ బండ్లు ఏసీ వేసుకుని గంటల తరబడి నిలిచి ఉంటాయి. ఇంజను అరుగుతుంది, మీటరు కదలదు. పైగా బొగ్గు దుమ్ము. క్లచ్ పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయింది. టైరుపై ముద్రించే చివరి నాలుగు అంకెలలో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. ఆ కారు నాలుగు టైర్లూ 2019వి. అంత తక్కువ తిరిగిన బండికి నాలుగేళ్లకే అన్నీ ఎందుకు మార్చారు? బిల్లులు అడిగితే పోయాయన్నారు. (మనవారు లీటరుకు ఎంత ఇస్తుందో తప్పక అడుగుతారు, బిల్లులు మాత్రం అడగరు!)

అంకెను వెనక్కి తిప్పడం ధరలో మోసం మాత్రమే కాదు. కొన్ని ఇంజన్లలో టైమింగు బెల్టును నిర్ణీత కిలోమీటర్లకు మార్చాలి. అబద్ధపు అంకెను నమ్మి ఆలస్యం చేస్తే బెల్టు తెగి ఇంజనే పాడవుతుంది.

మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని కనుగొన్న దైవప్రవక్త (స), ఆ తడిని జనులకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు. దాచిన లోపం తరువాత బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కును ధర్మశాస్త్రం 'ఖియారుల్ ఐబ్' అంటుంది. హనఫీ ఫిఖ్‌హ్‌లో కొన్నవాడు పూర్తి ధరకు ఉంచుకోవాలి, లేదా తిరిగి ఇవ్వాలి. అమ్మినవాడు ఒప్పుకోనిదే ధర తగ్గించమని పట్టుబట్టలేడు. కనుక కొనకముందు అడగడమే తేలిక.

మీటరు అంకె నిజమని అమ్మకపు కాగితంపై రాసి సంతకం చేయమని కోరండని సోదరునికి చెప్పాము. 38 వేల కారు అమ్మేవారు ఆలోచించి చెబుతామన్నారు, ఇంతవరకు చెప్పలేదు. 94 వేల కారును వచ్చే ఆదివారం మెకానిక్ చూస్తాడు. బెల్టు మార్చిన బిల్లు ఒక్కటి ఇంకా దొరకవలసి ఉంది.