తాయెత్తు కట్టాక నొప్పి తగ్గిందంటే

నెలల తరబడి నొప్పితో నిద్రలేని మనిషికి ఎవరు ఏది చెప్పినా చేసి చూద్దామనిపిస్తుంది. అందుకని తాయెత్తు కట్టించుకున్నవాణ్ణి నేను వెక్కిరించను. కట్టినవాణ్ణి మాత్రం ఒకటి అడుగుతాను: ఈ నొప్పికి కారణం ఏమిటని తేల్చావు?

"కట్టాక తగ్గింది కదా" అంటారు. దీర్ఘకాలపు నొప్పి ఎప్పుడూ ఒకే తీరున ఉండదు. ఒక వారం పెరుగుతుంది, ఒక వారం తగ్గుతుంది. మనిషి మంత్రగాడి దగ్గరకో, పసరు మందు ఇచ్చేవాడి దగ్గరకో పరిగెత్తేది అది భరించలేనంత పెరిగిన రోజున. ఆ తర్వాత ఏమీ చేయకపోయినా కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ తగ్గుదల తాయెత్తు ఖాతాలో జమ అవుతుంది. మళ్ళీ పెరిగితే ఆ పద్దు రోగి ఖాతాలో రాస్తారు, నిష్ఠ తప్పాడట! డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళు పనిచేశాను, ఇలాంటి లెక్కను ఏ ఆడిటరూ పాస్ చేయడు.

కారణం వెతికితే ఏం దొరుకుతుందో చెప్పడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. నల్లగొండ జిల్లాలో కీళ్ళనొప్పులతో, బిగుసుకుపోయిన వెన్నుతో, వంగిన కాళ్ళతో ఎందరి బతుకులో గడిచాయి. దాన్ని పూర్వజన్మ పాపమనడం తేలిక. అసలు కారణం తాగే నీటిలోని ఫ్లోరైడు. ఎముకలకొచ్చే ఈ ఫ్లోరోసిస్‌ను నెల్లూరు జిల్లాలో వైద్యులు 1937లోనే గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. వంగిన ఎముకను ఏ పూజా నిటారు చేయలేదు, ఏ మాత్రా చేయలేదు. పిల్లలకు ముందే మంచినీళ్ళు ఇవ్వడమొక్కటే దారి.

మా సెక్షన్‌లో ఒక కుర్రవాడుండేవాడు. ఇరవై ఆరేళ్ళు. పొద్దున లేస్తే నడుము కొయ్యలా బిగుసుకుపోయేది, కాస్త తిరిగితే సడలేది, మళ్ళీ కూర్చుంటే మొదలు. ఇంట్లో రాహుకేతు పూజలు చేయించారు. కుర్చీ మార్చమన్నవాళ్ళు, పెళ్ళి చేస్తే సర్దుకుంటుందన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఏడేళ్ళ తర్వాత ఒక రుమటాలజిస్టు చూసి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నాడు. శరీర రక్షణ వ్యవస్థే వెన్ను కీళ్ళ మీద దాడి చేసే జబ్బు అది. మందులున్నాయి, రోజూ చేయాల్సిన వ్యాయామాలున్నాయి. కానీ అప్పటికే అతుక్కుపోయిన వెన్నుపూసలు మళ్ళీ విడిపోవు. పనిచేస్తే పెరిగి పడుకుంటే తగ్గే నడుంనొప్పి వేరు, విశ్రాంతిలో పెరిగి కదిలితే తగ్గేది వేరు. ఈ తేడా ఒక్కటి ఇంట్లో ఎవరికైనా తెలిసుంటే బాగుండేది.

వైద్యాన్నీ ఇదే గీటురాయి మీద పెట్టాలి. స్కానింగులో డిస్కు అరిగిందని రాగానే నొప్పి దానివల్లేనని తేలినట్లు కాదు. నడుంనొప్పి లేనివాళ్ళ స్కానింగులను పరిశీలించి 2015లో వెలువరించిన లెక్క ప్రకారం, అరిగిన డిస్కులు ఇరవై ఏళ్ళవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 96 శాతం మందికి ఉన్నాయి. పొట్లాలు కట్టి ఇచ్చే కీళ్ళనొప్పుల మందుతో వారంలో లేచి తిరిగారంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమో అనుమానించాలి. నెలల తరబడి వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్ కూడా రోజూ మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు.

మూడు నెలలు దాటిన నొప్పిని "వయసు కదా" అని వదిలేయకండి. ఎప్పుడు పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది, ఏ మాత్రలు వేసుకున్నారు, ఒక చిన్న పుస్తకంలో రాసి డాక్టరుకు చూపండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ఆలస్యం వద్దు. మన దేశంలో వెన్నుకు క్షయ అరుదేమీ కాదు. నడుంనొప్పితో కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఏ పరీక్షలోనూ ఏమీ కనబడని నొప్పులూ ఉన్నాయి. అవి భ్రమ కాదు. దీర్ఘకాలపు నొప్పి తనంతట తానే ఒక జబ్బు కావచ్చని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన వ్యాధుల పట్టికలో చేరింది. ఇలాంటి నొప్పులకు కొన్నిసార్లు డిప్రెషన్ మందులే తక్కువ మోతాదులో రాస్తారు, అవి నరాల్లో నొప్పి సంకేతాలను తగ్గిస్తాయి. మా బంధువుల్లో ఒకావిడకు అలా రాస్తే "పిచ్చి మందులు" అని ఇంట్లోవాళ్ళు మాన్పించేశారు. ఎందుకు రాశారో రాసిన డాక్టరునే అడిగి ఉండాల్సింది. చెప్పే ఓపిక ఆయనకు లేకపోతే ఊళ్ళో ఇంకో డాక్టరు ఉంటాడు.