మోదుగుపూవు - సూర్యరశ్మి

శిశిరము ముగియువేళ నల్లగొండ, పాలమూరు సీమల బాటల వెంట మోదుగులు ఆకు రాల్చి నిలువెల్ల పూచును. ఆ పూలను మరగించి పసుపువన్నె తీయుట మన పల్లెలలో ఎల్లరెరిగినదే. అట్టి రంగుతో విద్యుత్తు పుట్టింపవచ్చునన్న నవ్వువారుందురు. నవ్వవలసిన పని లేదు.

1991లో స్విట్జర్లాండున మైకేల్ గ్రెట్జెల్, బ్రయన్ ఓరీగన్ అను శాస్త్రజ్ఞులు రంగుపూత సౌరఘటమును ప్రకటించిరి. గాజుపలకపై టైటానియము ఆక్సైడును, అనగా గోడల తెల్లరంగులో కలుపు పొడినే, పలుచగా పరచి రంగులో ముంచెదరు. వెలుగు సోకగనే రంగు తన ఎలక్ట్రానును ఆ పొడికిచ్చును. అది తీగ వెంట పోయి పనిచేసి, అయొడిను ద్రవము ద్వారా మరల రంగును చేరును. వారు వాడినది రుథీనియమను అరుదైన లోహముతో చేసిన రంగు. దానికి బదులు పూల రంగులు, వేళ్ల రంగులు చాలునా యని నాటినుండి పలుదేశములలో పరీక్షలు జరుగుచున్నవి.

ఇందు మనవారికి దగ్గరి సంగతి యొకటి గలదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాండ్రు తేలియా రుమాళ్ల నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిదనీటిలోను నానబెట్టి ఎరుపెక్కింతురు. ఆ ఎరుపు అలిజరిను. ఒకప్పుడు తెలుగునాట చిరివేరునుండి తీసిన రంగును అదియే. పటికలోని లోహమును పట్టుకొని యది నూలుపై నిలుచును. అట్లే టైటానియమును పట్టుకొని గాజుపలకపైనను నిలుచును. అద్దకపువాని కాగులో జరుగు పనియు, ప్రయోగశాలలో జరుగు పనియు మూలమున నొక్కటే!

అయినను గొప్పలు చెప్పుకొనరాదు. బజారున దొరకు సిలికాను పలకలు తమపై పడిన వెలుగులో నూటికి సుమారు 20 పాళ్లు విద్యుత్తుగా మార్చుచుండ, చెట్లరంగుల ఘటములు చాలవరకు నూటికి 1 పాలు చుట్టునే తిరుగుచున్నవి. ఎండకు రంగు వెలసిపోవుట మరియొక చిక్కు. రేపటికే బోరుబావి మోటారు మోదుగుపూలతో నడచునని చెప్పువానిని నమ్మవలదు.

కాని 1868లో జరిగినది మరువరాదు. గ్రేబె, లీబెర్మన్ అను జర్మను రసాయనికులు నేలబొగ్గు తారునుండి అలిజరినును సాధించిన పిమ్మట చిరివేరు త్రవ్వకము క్రమముగా అడుగంటెను. వేరు మనది, అద్దకపు నేర్పు మనది; రంగు గుణమును విచారించిన శాస్త్రము మాత్రము పరులది. నేడట్లు కాదు. 1944లో హైదరాబాదున స్థాపింపబడి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరొందిన ప్రయోగశాల ఈ ఘటముల రంగులపై పనిచేసియున్నది. పాలమూరు విశ్వవిద్యాలయము, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము మన ముంగిటనే యున్నవి. ఏ రంగు ఎండకు ఎన్నాళ్లు నిలుచునో పుట్టపాక వృద్ధుల నడిగి వ్రాసికొని, మోదుగును, చిరివేరును వరుసగా పరీక్షించి, ఫలము నిరాశాకరమైనను తెలుగున ప్రకటింపవలెనని ఆ రెంటి రసాయనశాఖలను కోరుచున్నాము. వచ్చు ఫాల్గుణమున పూలు రాలకమునుపే పనికి పూనుదురుగాక.