స్వేచ్ఛ 'ప్రసాదించాడు' అనే మాట మీద మా అభ్యంతరం



పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం మన గ్రూపులో జీకే బిట్స్ తిరుగుతున్నాయి కదా, అందులో ఒకటి: అమెరికాలో బానిసలకు స్వేచ్ఛ ప్రసాదించినది ఎవరు? జవాబు అబ్రహాం లింకన్. పరీక్షలో ఆ జవాబే పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు. పరీక్ష హాలు దాటాక మాత్రం ఆ 'ప్రసాదించాడు' అనే మాటను మేం ఒప్పుకోం. ప్రసాదం గుళ్లో పెడతారు. దోసిలి పట్టి నిలబడితే స్వేచ్ఛ రాలలేదక్కడ.

1860 జనాభా లెక్కల నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు. దక్షిణాది పత్తి, చెరకు, పొగాకు అంతా వాళ్ల చెమటే. పశువుల సంతలో లాగా ఒళ్లు తడిమి చూసి వేలం వేసేవాళ్లు. తల్లిని ఒకడు, బిడ్డను ఇంకొకడు కొనేవాడు. లింకన్ ఎన్నికల్లో గెలవగానే ఎక్కడ బానిసత్వానికి ఎసరు వస్తుందోనని సౌత్ కరోలినా మొదలు 11 రాష్ట్రాలు విడిపోయాయి. 1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది.

ఆ యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందని వాదించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ హక్కు? తాము ఎందుకు విడిపోతున్నామో మిసిసిపి రాసుకున్న ప్రకటనలో బానిసత్వమే మొదటి మాట. పారిపోయిన బానిసను పట్టి అప్పగించాల్సిందేనని 1850లో చట్టం తెచ్చి ఉత్తరాది రాష్ట్రాల మెడ మీద కూర్చున్నప్పుడు ఈ రాష్ట్రాల హక్కు వాళ్లకు గుర్తు రాలేదు.

లింకన్ చెడ్డవాడని మేం అనట్లేదు. కానీ ఒక్క బానిసను కూడా విడిపించకుండా దేశాన్ని నిలబెట్టగలిగితే అలాగే చేస్తానని 1862 ఆగస్టులో ఒక పత్రికా సంపాదకుడికి ఉత్తరం రాసింది ఆయనే. 1863 జనవరి 1 నాటి ప్రకటన తిరగబడిన ప్రాంతాలకే వర్తించింది. తన వైపు నిలబడ్డ కెంటకీ, మిసోరీ, మేరీలాండ్, డెలావేర్లలో బానిసలు బానిసలుగానే ఉన్నారు.

మరి ఆయన్ని అంతవరకు నెట్టింది ఎవరు? యుద్ధం మొదలై నెలన్నర కూడా కాలేదు, వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మల్లోరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవేసుకుని, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు చేరారు. యజమాని తరఫు మనిషి వచ్చి, చట్టం ప్రకారం అప్పగించండి అన్నాడు. కోటలో ఉన్న జనరల్ బట్లర్ లాయరు. వేరే దేశం అయిపోయామన్నారుగా, ఇక మా చట్టంతో మీకేం పని అని తిప్పి పంపాడు. పంపి, ఆ ముగ్గుర్నీ శత్రువు దగ్గర పట్టుకున్న సరుకు కింద రాసుకున్నాడు. విడిపించినవాడికి కూడా వాళ్లు సరుకే, చూడండి! అయినా కబురు పాకింది. ముందు పదుల్లో, తర్వాత వందల్లో, యుద్ధం ముగిసేసరికి లక్షల్లో మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చారు. రోజూ గేటు ముందు ఇంతమంది నిలబడితే ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చక తప్పలేదు. చట్టాలు వాళ్ల అడుగుల వెనకాలే వచ్చాయి.

రాబర్ట్ స్మాల్స్ సంగతి చూడండి. చార్లెస్టన్ రేవులో ప్లాంటర్ అనే స్టీమర్ నడిపే బానిస. 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున ఉన్న సమయం చూసి, కెప్టెన్‌లా టోపీ పెట్టుకుని, కోటల ముందు ఈల సరిగ్గా వేసుకుంటూ, పెళ్లాం పిల్లలతో సహా ఓడనే తీసుకుపోయి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్నాడు. ఈయనకు ఎవరు ప్రసాదించారు?

దాదాపు 1,80,000 మంది నల్లవాళ్లు ఉత్తరాది సైన్యంలో తుపాకీ పట్టారు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, వీళ్లకు 10, అందులో బట్టల పేరుతో మళ్లీ 3 కోత. 54వ మసాచుసెట్స్ రెజిమెంటు ఆ జీతం ముట్టమంది. ఏడాదికి పైగా జీతం లేకుండానే యుద్ధం చేసి, 1864లో సమాన జీతం సాధించారు.

మాకు అన్నిటికన్నా మండేది భూమి దగ్గర. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం తీసేసినప్పుడు నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? యజమానికి! తలకు 300 డాలర్ల దాకా. తరతరాలు చాకిరీ చేసినవాడికి మాత్రం, దేశం వదిలిపోతానంటేనే 100 దాకా ఇస్తామన్నారు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ సముద్రం ఒడ్డు భూముల్లో కుటుంబానికి 40 ఎకరాల దాకా కేటాయించమని ఆర్డరు వేశాడు. దాదాపు 40,000 మంది దున్నుకుని పంట వేశారు. లింకన్ హత్య తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాదే ఆ భూముల్లో చాలా భాగాన్ని పాత దొరలకు తిరిగి అప్పజెప్పాడు. దాంతో అదే పొలంలో పాలుకు చేసి, అదే దొర దగ్గర అప్పుపడ్డారు. 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూ 'నేరానికి శిక్షగా తప్ప' అని ఒక సందు వదిలింది. పని లేకుండా తిరగడమే నేరం అని దక్షిణాది చట్టాలు చేసి, ఖైదీలను తోటలకు, గనులకు కిరాయికి ఇచ్చింది.

ఆదివాసీలుగా మనం ఇంకోటి అడగాలి. అదే 1862లో హోమ్‌స్టెడ్ చట్టం పెట్టి వలస వచ్చినవాళ్లకు 160 ఎకరాల చొప్పున పంచారు. ఎవరి భూమి అది? ఆ ఏడాదే మిన్నెసోటాలో ఒప్పందం డబ్బులు అందక, ఆకలితో డకోటాలు తిరగబడ్డారు. 300 మందికి పైగా ఉరిశిక్ష వేస్తే లింకన్ చాలామందికి తప్పించాడు, అదీ చెప్పాలి. మిగిలిన 38 మందిని డిసెంబరు 26న ఒకే ఉరికొయ్య మీద వేలాడదీశారు. ఆరు రోజులకు స్వేచ్ఛా ప్రకటన వచ్చింది. అలాగని తెగలన్నిటినీ నెత్తిన పెట్టుకోం. చెరోకీ పెద్దల్లో బానిసల్ని కొన్నవాళ్లున్నారు. దక్షిణాది జనరళ్లలో చివరగా లొంగిన స్టాండ్ వాటీ చెరోకీయే.

'ఇచ్చాం' అనే మాట మనకూ కొత్త కాదు. 2006 అటవీ హక్కుల చట్టం పూర్తి పేరులోనే 'హక్కుల గుర్తింపు' అని ఉంది. అంటే ముందునుంచీ ఉన్న హక్కు. మీటింగుల్లో మాత్రం 'పోడు పట్టాలు ఇచ్చాం' అంటారు, మనమూ చప్పట్లు కొడతాం.

బిట్స్ పీడీఎఫ్‌లో ఆ ప్రశ్న కింద ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మల్లోరీ, జేమ్స్ టౌన్‌సెండ్ పేర్లు చేర్చి ఈ ఆదివారం మళ్లీ పెడతాం. ఒప్పుకోని అన్నలు, అక్కలు కింద రాయండి, వాదిద్దాం.