లారీ ఆయిలూ, కారు కడుపూ

మా లాలాగూడలో నూనె మర్మం తెలియని ఇల్లు తక్కువ. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారు ఇక్కడ వర్కుషాపు పెట్టింది మొదలు, తాత ఫిట్టరు, తండ్రి టర్నరు, కొడుకు గుమాస్తా అన్న లెక్కన తరాలు గడిచిన కుటుంబాలు చాలా ఉన్నవి. వెనకటి రోజుల్లో రైలుపెట్టెల ఇరుసుల దగ్గర నూనెలో నానేసిన నూలుపీచు కూరేవారు. అది ఎండిపోతే ఇరుసు భగ్గున కాలి, ‘హాట్ యాక్సిల్’ అంటూ బండి దారిలోనే ఆగిపోయేది. అంచేత ఇక్కడివాళ్ళకు ఏ యంత్రం మూలిగినా మొదట తోచే వైద్యం నూనే.

ఆ వైద్యాల్లో ఒకటి మా వీధుల్లో బాగా చలామణీలో ఉన్నది. బాగా తిరిగిన పెట్రోలు కారు ఆయిలు తాగటం మొదలుపెడితే, దానికి లారీల్లో పోసే డీజిలు ఇంజను ఆయిలు పట్టించటం. ముప్ఫై టన్నులు లాగే లారీని కాపాడే నూనె మన పిట్ట కారును కాపాడలేదా అన్నది తర్కం. పెద్ద డబ్బా కొంటే లీటరు చవగ్గా పడుతుందన్నది, పైకి చెప్పని రెండో తర్కం.

మా వరసలోనే ఒక పెద్దాయన ఉన్నారు. వర్కుషాపులో చేసి రిటైరయ్యారు. 2009లో కొన్న మారుతి 800 ఆయనది. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్ళు నిండగానే 2024లో రిజిస్ట్రేషను మరో అయిదేళ్ళకు పొడిగించుకున్నారు. ముచ్చటకొద్దీ కాదు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున భార్యను డయాలిసిస్‌కు తీసుకుపోవాలి. వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి దొరుకుతుంది గాని, తిరిగి వచ్చేటప్పుడు ఆ తల్లి ఆటో కుదుపులకు ఓర్చుకోలేదు. వెనక సీట్లో పడుకోపెట్టి తేవాలి. కొత్త కారు పింఛనులో అయ్యే పని కాదు. ఈ కారు నడిచి తీరాలి. అదేమో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిలు మింగుతున్నది. మెకానిక్ ‘లారీ ఆయిలు పోసెయ్యండి సాబ్’ అన్నాడట.

ఆయన డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, “అక్షరాలు చదవటం మీ వృత్తి కదా మాస్టారూ, దీనిమీద ఏం రాశాడో కాస్త చెప్పండి” అన్నారు.

చిత్రమేమంటే, ఈ డబ్బాల మీద ఉండే నాలుగైదు అక్షరాల్లోనే సంగతంతా ఉన్నది. మొదట 15డబ్ల్యు-40 అని ఉంటుంది. ‘డబ్ల్యు’ చలికాలానికి గుర్తు. చలిలో ఎంత సులువుగా పారుతుందో దాని ముందున్న అంకె చెబుతుంది. సికింద్రాబాదు చలికి దానితో పెద్ద పేచీ లేదు. వెనకనున్న 40, ఇంజను వేడెక్కిన తరవాతి చిక్కదనం. పాత కార్లలో పోస్తూ వచ్చిన 20డబ్ల్యు-40లోనూ ఉన్నది ఆ నలభయ్యే. అంటే ‘లారీ ఆయిలు చిక్కన, అందుకే తాగుడు ఆగుతుంది’ అనే మాట సగం భ్రమ. నలభై ఎక్కడున్నా నలభయ్యే.

అసలు తేడా రెండో వరసలో ఉన్నది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌వారి గుర్తుల్లో ‘ఎస్’తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, ‘సి’తో మొదలయ్యేవి డీజిలు ఇంజన్లకు. ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020లో. డీజిలు వాటిలో సీకే-4 వచ్చింది 2016లో. కొన్ని డబ్బాల మీద రెండూ ఉంటవి: సీఐ-4, గీటు, ఎస్ఎల్ అని. ముందు రాసినది ప్రధానం. దానికోసమే ఆ నూనె తయారైందని అర్థం. సమాసంలో ఉత్తర పదానికి ప్రాధాన్యం అని పాఠం చెప్పేవాణ్ణి కనక, నాకిది కాస్త తలకిందులుగా కనిపించింది.

డీజిలు ఇంజనులో మసి ఎక్కువ. ఆ మసి ముద్దకట్టకుండా నూనెలో తేలుతూ ఉండేటట్టు చేసే మందులూ, ఆమ్లాన్ని విరిచే కాల్షియం, మెగ్నీషియం లవణాలూ ఆ నూనెలో దండిగా కలుపుతారు. లోహం మీద లోహం రాసుకోకుండా జింకు, భాస్వరం కలిసిన ‘జెడ్‌డీడీపీ’ అనే మందు వేస్తారు. ఇది పెట్రోలు ఆయిల్లోనూ ఉన్నది, అయితే తక్కువ. పెట్రోలు కార్ల పలుచని రకాలకు భాస్వరం నూటికి 0.08 పాళ్ళు దాటకూడదని 2004లో వచ్చిన ఎస్ఎం తరగతితో కట్టడి పెట్టారు. డీజిలు ఆయిళ్ళలో సీకే-4కు 0.12 దాకా అనుమతి.

(నూనె అన్న మాట పుట్టుకలో నువ్వుల నెయ్యి. డీజిల్ అనేది ఒక మనిషి పేరు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ దొర ఇంజను ఒకటి మన వేరుసెనగ నూనెవంటి దానితోనే నడిచింది. ఈ సంబంధం ఇవాళ్టిది కాదు సుమండీ.)

అరుగుదల ఆపే మందు ఎక్కువుంటే మంచిదే కదా, ఎందుకు తగ్గించారు? పొగగొట్టం దారిలో కేటలిటిక్ కన్వర్టరు అని ఒక డబ్బా కూర్చున్నది కనక. దాని లోపల ప్లాటినం, పెల్లాడియం, రోడియం పూత ఉంటుంది. విషవాయువులు దాన్ని తాకి విషం విరిగి బయటికి పోతవి. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఇది తప్పనిసరి చేశారు. ఆ పూతను సీసం చంపేస్తుందని సీసం లేని పెట్రోలు తెచ్చి, 2000 నాటికి దేశమంతటా అదే పోశారు. భాస్వరం కూడా ఆ పూత మీద పేరుకుని, దాన్ని మెల్లగా గుడ్డిదాన్ని చేస్తుంది. పైనుంచి పెట్రోల్లో సీసం తీసేసి, కిందనుంచి ఆయిల్లో భాస్వరం ఎక్కించటం ఏ న్యాయం?

ఇక్కడే ఉన్నది తమాషా. ఆయిలు తాగని కారైతే, రెండు గుర్తులూ ఉన్న డీజిలు ఆయిలు పోసినా ఆ భాస్వరం చాలావరకు ఇంజను అడుగునే ఉండిపోతుంది. పొగగొట్టం దాకా వెళ్ళేది స్వల్పం. అటువంటి కార్లు ఏళ్ళ తరబడి నిక్షేపంగా తిరుగుతున్నవి. ఆయిలు తాగే కారైతే, తాగినదంతా పెట్రోలుతోపాటు కాలి, భాస్వరం కన్వర్టరుకూ, లవణాల బూడిద ప్లగ్గులకూ, సిలిండరు పైకప్పుకూ చేరుతుంది. అంటే ఏ కారువాడు ఈ ఆయిలు కోసం ఎగబడతాడో, చెరుపు ఎక్కువ ఆ కారుకే. కన్వర్టరు ఖరీదు ముందు ఆయిలు మీద మిగిలే డబ్బు ఏ మూలకు? ఆరు నెలలకోసారి పొల్యూషను సర్టిఫికెట్టు దగ్గర ఎదురయ్యే చిక్కు వేరే.

మెకానిక్‌ను తప్పుపట్టను. అతను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద, ఫియట్ల మీద. కార్బురేటరు కార్లు, కన్వర్టరు లేనివి. వాటికి అతని సలహా ఇప్పటికీ మంచి సలహాయే. సరికొత్త కార్లకు మాత్రం పనికిరాదు. అవి 0డబ్ల్యు-20 వంటి నీళ్ళలాటి ఆయిలుకు కొలిచి చేసినవి.

నేను పెద్దాయనను అడిగింది ఒకటే: “మీ రోజుల్లో ఇరుసు పెట్టెలో ఆవిరి సిలిండరు నూనె పోసేవారా?” ఆయన నొచ్చుకున్నారు. “ఎవరి నూనె వారిదే గదండీ,” అని, కాస్సేపు డబ్బా వంక చూసి, “అయితే అసలు ఆ నూనె ఎక్కడికి పోతున్నదో చూడాలి” అన్నారు. వర్కుషాపు బుద్ధి మేలుకున్నదన్నమాట.

మర్నాటినుంచి పొగ కనిపెట్టారు. రాత్రంతా నిలిపిన కారు పొద్దున స్టార్టు చెయ్యగానే నీలిపొగ గుప్పున వచ్చి, కాసేపటికి పోతుంది. నల్లపొగ పెట్రోలు ఎక్కువైనందుకు, నీలిపొగ ఆయిలు కాలినందుకు. తొక్కి నడిపేటప్పుడు ఆగకుండా వస్తే పిస్టను రింగులను అనుమానించాలి. పొద్దున్నే ఒకసారి వచ్చి పోతే వాల్వుల కాడలకు ఉండే రబ్బరు సీళ్ళను. సిలిండర్ల ఒత్తిడి కొలిపించారు. తరవాత ఒక్కోదానిలో చెంచాడు ఆయిలు వేసి మళ్ళీ కొలిపించారు. రింగులు అరిగితే రెండోసారి అంకె బాగా పెరగాలి. పెరగలేదు. సీళ్ళే ఎండి బిరుసెక్కాయి. ఏ లారీ ఆయిలూ బిరుసెక్కిన రబ్బరును మళ్ళీ రబ్బరు చెయ్యదు.

డయాలిసిస్ లేని ఆదివారం చూసుకుని సీళ్ళు మార్పించారు. మెకానిక్కూ అదే మెకానిక్కు. ‘ముందే చెబితే బాగుండు సాబ్’ అన్నాడట! పెట్రోలు ఆయిలే పోశారు. ఆయన జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. పొద్దున్నే, ఇంజను తియ్యకముందు, బండి చదునైన చోట నిలిపి, కొలపుల్ల తుడిచి ముంచి చూసిన లెక్క అందులో రాస్తారు. మొదటి వెయ్యి కిలోమీటర్లకు పుల్ల మీద గీత దిగింది బియ్యపు గింజంత.

ఒక్కమాట. రాత్రిపూట వరంగల్లు రోడ్డు మీద ఆయిలు దీపం వెలిగి, దగ్గరలో లారీ ఆయిలు తప్ప మరొకటి దొరకకపోతే, శంకలు పెట్టుకోకుండా కావలసినంత పోసుకుని ఇల్లు చేరండి. ఇంజనుకు నూనె తప్పు కావటం కన్న, నూనె లేకపోవటం వెయ్యి రెట్లు చేటు. ఇంటికి వచ్చాక తీరిగ్గా మార్పించుకోవచ్చు.