మీటరు బోర్డు మీది పసుపు దీపం

పత్తి తీతలు మొదలయ్యాక హొళగుంద నుంచి ఆదోని మార్కెట్‌ యార్డుకు పోయే దారిలో బండ్ల రద్దీ పెరుగుతుంది. ఆ రోజులకు వానలు ఇంకా పూర్తిగా వెనుదిరిగి ఉండవు. తడి చేలల్లోంచి తారు రోడ్డెక్కే ట్రాక్టర్లు టైర్లకు పట్టిన నల్లరేగడిని దారి పొడవునా పరుచుకుంటూ పోతాయి. దాని మీద సన్నటి జల్లు పడితే మనిషి నడవడానికే భయపడతాడు. సరుకు దించి ఖాళీగా తిరిగొస్తున్న లారీకి అలాంటి చోట ఏ గొర్రెల మందో అడ్డం వచ్చిందనుకోండి. డ్రైవరు బలంగా బ్రేకు తొక్కుతాడు. వెనక బరువు లేదు కాబట్టి చక్రాలు ఇట్టే బిగుసుకుపోతాయి. చక్రం ఆగుతుంది, బండి ఆగదు. వెనక భాగం పక్కకు తిరుగుతుంది. ముందు చక్రాలు కూడా బిగుసుకుంటే స్టీరింగు ఎంత తిప్పినా బండి మాట వినదు.

ఈ బిగుసుకుపోవడాన్ని అడ్డుకోవడానికే యాంటీ లాక్‌ బ్రేకింగ్‌ సిస్టమ్‌, పొట్టిగా ఏబీఎస్‌ వచ్చింది. మన దేశంలో 2015 అక్టోబరు నుంచి తయారైన భారీ లారీలకూ బస్సులకూ దాన్ని తప్పనిసరి చేశారు. ఆ తొలి విడత లారీలకు ఇప్పుడు పదేళ్లు దాటాయి. కొన్నవాళ్లు అమ్మేశారు, వాళ్ల దగ్గర కొన్నవాళ్లూ అమ్మేశారు. నగరాల్లో కంపెనీ వర్క్‌షాపుల్లో కంప్యూటరు తగిలించి చూసే బండ్లు ఇప్పుడు ఆలూరు, హొళగుంద, ఎమ్మిగనూరు రోడ్ల పక్క షెడ్లకు వస్తున్నాయి. బండి చేతులు మారినప్పుడు ఆర్‌సీ వస్తుంది, ఇన్సూరెన్సు కాగితం వస్తుంది. ఏబీఎస్‌ గురించి తెలిసిన విద్య మాత్రం వెంట రాదు. మనల్ని ఆలోచింపజేయాల్సింది ఇదే.

ఏబీఎస్‌లో ఏ చిన్న తేడా వచ్చినా మీటరు బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి, అంతా బాగుంటే ఆరిపోవాలి. ఆరలేదంటే ఎక్కడో లోపం ఉన్నట్టు. అయినా బ్రేకులు పోవు. గాలి బ్రేకులు మామూలుగానే పనిచేస్తాయి. అందుకే ఆ దీపాన్ని ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లకు దాని వెలుగు కళ్లకు అడ్డమనిపించి బల్బు పీకేస్తారు, లేదా టేపు అంటిస్తారు. బండి అమ్మకానికి వచ్చినప్పుడైతే ఈ పని ముందే జరిగిపోతుంది.

ఇందులోని ప్రమాదం పైకి కనిపించేదానికన్నా పెద్దది. పాత గాలి బ్రేకుల మీద చెయ్యి తిరిగిన డ్రైవరు జారుడు రోడ్డు మీద బ్రేకును ఒక్కసారి తొక్కి పట్టడు. తొక్కి వదిలి, తొక్కి వదిలి బండిని నిలబెడతాడు. ఏబీఎస్‌ ఉన్న బండికి ఆ అలవాటు పనికిరాదు. పెడల్‌ను గట్టిగా తొక్కి అలాగే పట్టుకోవాలి. తొక్కి వదలడం అది చూసుకుంటుంది. ఈ రెండు అలవాట్లలో ఏది వాడాలో డ్రైవరుకు చెప్పేది ఆ దీపమే. మన దగ్గర డ్రైవరు ఈ వారం ఒక బండి, పై వారం ఇంకో బండి ఎక్కుతాడు. ఏబీఎస్‌ ఉందన్న నమ్మకంతో గట్టిగా తొక్కినవాడి కింద చక్రాలు బిగుసుకుపోతే ఆ తప్పు అతనిది ఎలా అవుతుంది? బల్బు పీకినవాడు ఒకడు, ఆపదలో పడేవాడు ఇంకొకడు. ఆ దీపం విషయంలో అమెరికాను చూడండి. అక్కడ 1997 మార్చి నుంచి ట్రైలరును లాగే ట్రాక్టరు లారీలకు, 1998 మార్చి నుంచి గాలి బ్రేకులున్న మిగతా లారీలకు, ట్రైలర్లకు ఏబీఎస్‌ తప్పనిసరి చేశారు. అక్కడ ట్రైలరు వెనక ఎడమ వైపున కూడా ఒక పసుపు దీపం పెట్టించారు. లోపం ఉంటే బయటివాళ్లకూ కనిపించాలన్నది దాని ఉద్దేశం.

ఇంతకీ ఆ లోపం ఏమిటి? చాలాసార్లు అది మనం భయపడేంత పెద్దది కాదు. హబ్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం ఒకటుంటుంది. మన లారీల్లో ఎక్కువగా దానికి వంద పళ్లు. దానికి ఎదురుగా వేలంత లావు సెన్సారు నిలబడి ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట, అంతే. ఒక్కో పన్ను ఎదుట నుంచి దాటినప్పుడల్లా తీగలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఆ లెక్కతో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంట్రోలు బాక్సుకు తెలుస్తుంది. మిగతావాటికన్నా ఒక చక్రం వేగం హఠాత్తుగా పడిపోతే, అది బిగుసుకోబోతోందని గ్రహించి ఆ చక్రం తాలూకు మాడ్యులేటరు వాల్వుకు ఆజ్ఞ ఇస్తుంది. వాల్వులో రెండు కాయిల్స్‌ ఉంటాయి. ఒకటి కొత్త గాలి రాకుండా ఆపుతుంది, రెండోది ఉన్న గాలిని బయటికి వదులుతుంది. చక్రం మళ్లీ తిరగగానే గాలి మళ్లీ అందుతుంది. ఒక్క సెకనులోనే ఇది పలుమార్లు జరిగిపోతుంది.

సెన్సారుకూ పళ్లకూ మధ్య సందు ఒక మిల్లీమీటరు కూడా ఉండకూడదు. బేరింగులకు గ్రీజు పెట్టాలని హబ్‌ ఊడదీసి మళ్లీ బిగించినప్పుడు సెన్సారు వెనక్కి జరిగి ఉంటుంది. దాన్ని ముందుకు తొయ్యడం మరిచిపోతే దీపం వెలుగుతుంది. బేరింగు వదులై హబ్‌ ఊగుతున్నా అంతే, ఆ ఊపే సెన్సారును వెనక్కి నెడుతుంది. చేయాల్సిన పని చిన్నది. దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు బుష్‌ను తుడిచి, కాస్త గ్రీజు రాసి, సెన్సారును పళ్లకు తగిలేదాకా బొటనవేలితో తొయ్యాలి. సుత్తి దగ్గరికి రానివ్వకూడదు. చక్రం తిరిగేటప్పుడు తనకు కావలసిన సందును అదే చేసుకుంటుంది.

బాగైందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కరెంటు పని చేసే ప్రతివాడి దగ్గరా ఉండే మల్టీమీటరు చాలు. మిగతా చక్రాలకు అడ్డలు పెట్టి, ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, సెన్సారు కనెక్టరు ఊడదీసి, మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టాలి. రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున చక్రాన్ని చేత్తో తిప్పితే కనీసం 0.2 వోల్టులు చూపాలి. చక్రం ఆపి ఓముల్లో కొలిస్తే, కంపెనీని బట్టి మారినా, సుమారుగా వెయ్యి నుంచి రెండు వేల మధ్య వస్తుంది. అసలేమీ చూపకపోతే తీగ తెగినట్టు. ఓములు సరిగ్గా ఉండి వోల్టులు రాకపోతే సందు పెరిగినట్టు, లేదా పళ్లకో సెన్సారు ముక్కుకో ఏదో పట్టినట్టు. మన ప్రాంతానికి ఈ చివరిది ముఖ్యం. బళ్లారి, సండూరు వైపు ఇనుప ఖనిజం తోలిన బండ్లు ఇటు చాలానే వస్తాయి. సెన్సారు ముక్కు అయస్కాంతం కాబట్టి ఆ దుమ్ములో అయస్కాంతానికి అంటుకునే రేణువులు ఉంటే దానికి గడ్డంలా పట్టుకోవచ్చు. గుడ్డతో తుడిస్తే పోయేదానికి కొత్త సెన్సారు కొనిపించడం, అదీ చాలక కంట్రోలు బాక్సే మార్పించడం అన్యాయం.

అవి కాకపోతే వైర్లు చూడాలి. చక్రం దగ్గర వైరు ప్రతి గుంతకూ కిందికీ పైకీ ఊగుతుంది; ఛాసిస్‌కు రాసుకుని తొడుగు అరిగిపోతుంది. కనెక్టరులో నీళ్లు దిగి పచ్చటి చిలుము పడుతుంది. నిలిపి ఉంచిన బండిలో ఎలుకలు చేరతాయి. మాడ్యులేటరు వాల్వులను చెడగొట్టేది మాత్రం ఎక్కువగా గాలి ట్యాంకులో చేరే నీరే. డ్రెయిన్‌ వాల్వు లాగి ఆ నీళ్లు వదలడం, ఎయిర్‌ డ్రయ్యరు కార్ట్రిడ్జి సమయానికి మార్చడం వాల్వు ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రావు. బాడీకి వెల్డింగు పెట్టేముందు బ్యాటరీ వైర్లు, కంట్రోలు బాక్సు కనెక్టర్లు ఊడదీయాలన్న సంగతి కూడా వెల్డరు దాకా చేరాలి.

ఇదంతా మన మేస్త్రీలకు చేతకాని పనేమీ కాదు. ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు తేడానో చెప్పగలిగినవాళ్లు పళ్ల చక్రానికి జంకరు. “అది కంప్యూటరు పనప్పా, మనం ముట్టుకోకూడదు” అని తప్పుకుంటున్నారంటే, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడమే కారణం. సర్వీసు పుస్తకాలు ఇంగ్లిషులో ఉంటాయి. హొళగుంద షెడ్లలో తెలుగూ కన్నడమూ కలిసి నడుస్తాయి. పరికరాలు తయారుచేసే కంపెనీలకు బొమ్మలతో, ఈ రెండు భాషల్లో నాలుగు పేజీల కాగితం అచ్చువేయడం భారం కాదు. ఐటీఐల్లో డీజిల్‌ మెకానిక్‌ నేర్పే మాస్టార్లు ఆదివారం పూట షెడ్లలో పనిచేసే కుర్రాళ్లను పిలిచి, ఒక పాత హబ్‌ ముందుపెట్టి చూపితే ఒక్క పూటలో అయ్యే పాఠం ఇది. ఏబీఎస్‌ సర్వరోగ నివారిణి కాదని కూడా అక్కడే చెప్పాలి. లూజు కంకర మీద, బురద మీద అది బండిని తొందరగా ఆపకపోవచ్చు. తిన్నగా ఉంచుతుంది, స్టీరింగు మాట విననిస్తుంది. అరిగిన లైనింగుకూ అరిగిన టైరుకూ అది బదులు కాదు.

పత్తి పని తగ్గగానే మన పల్లెలు సుగ్గికి కదులుతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు పిల్లాపాపలతో, మూటాముల్లెతో వెళ్లే కుటుంబాలు దొరికిన బండి ఎక్కుతాయి. సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదని చట్టం చెబుతుంది, ఆకలి ఎక్కిస్తుంది. ఆ బండి మీటరు బోర్డులో ఏ దీపం వెలుగుతోందో, ఏది పీకేశారో వెనక కూర్చున్న తల్లికి ఎలా తెలుస్తుంది? ఫిట్‌నెస్‌కు బండి వచ్చినప్పుడు తాళం తిప్పి ఆ దీపం వెలిగి ఆరుతోందా లేదా అని అధికారులు చూడాలి. దానికి అర నిమిషం చాలు. బండి కొనేవారు కూడా ఇంజను విన్నట్టే ఆ దీపాన్నీ చూడాలి. యజమానులు సీజనుకు ముందు టైర్లకూ పట్టాలకూ డబ్బు తీస్తారు కదా, అందులో ఒక పూట మేస్త్రీ కూలి, ఒక బల్బు ఖరీదు కలుపుకోవాలని మా విన్నపం.