‘తెలుగు రావట్లేదు’ అంటే ఎవరు సాయం చేయగలరు?

పరీక్షలు దగ్గర పడగానే మన బడుల ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మాట కనిపిస్తుంది: ‘సార్, ఫైల్లో తెలుగు రావట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్.’ దాని కింద రెండు నమస్కారం బొమ్మలు. గంట గడిచాక ఎవరో ‘ఫాంట్ వేసుకోండి’ అంటారు. ఏ ఫాంటో, ఎక్కడ దొరుకుతుందో చెప్పరు. అడిగినవారూ మళ్లీ అడగరు. మర్నాడు ప్రశ్నపత్రం చేత్తో రాసి జిరాక్స్ తీయిస్తారు. లేదా ‘ఈసారికి ఇంగ్లీషులోనే ఇచ్చేద్దాం’ అనుకుంటారు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురం, షోలాపూర్‌లలోనైనా మనకు భయం కలిగించాల్సింది ఆ ‘ఈసారికి’ అన్న మాటే. అది ఒక్కసారితో ఆగదు.

ఇందులో లోటు సాంకేతిక జ్ఞానానిది కాదు, అడిగే తీరుది అని మేము అనుకుంటున్నాం. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న టీచరు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వీధి చివరి డీటీపీ షాపుకు వెళ్తే పని అయిపోతుంది. మన వీధి చివరి షాపతనికి కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో టైపు చేయడం వచ్చు. తెలుగు టైపింగ్ తెలిసినవారు ఏ మూడు వందల కిలోమీటర్ల దూరంలోనో ఉంటారు. వారికి మన స్క్రీన్ కనబడదు, మన మాటలే కనబడతాయి. కాబట్టి ప్రశ్న సరిగ్గా అడగడం మిగతావారి కంటే మనకే ఎక్కువ అవసరం.

అసలు ‘తెలుగు రావట్లేదు’ అన్నది ఒక జబ్బు కాదు, కనీసం మూడు. మొదటిది: ఫైలు తెరిస్తే తెలుగు స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, వింత గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫైలు అను స్క్రిప్ట్ లాంటి పాత పద్ధతిలో టైపు చేసినదై ఉంటుంది. ఆ పద్ధతిలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు అక్షరాల ఆకారం తొడిగి చూపించేది ఫాంటు. మన కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే తొడుగు ఊడిపోయి అసలు రూపం బయటపడుతుంది. చాలామంది ఇక్కడ వెంటనే మొత్తం సెలెక్ట్ చేసి ఇంకో తెలుగు ఫాంటుకు మారుస్తారు. ప్రయోజనం ఉండదు. అదే ఫాంటు తెచ్చుకోవాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాలి, లేదా పంపినవారినే పీడీఎఫ్ అడగాలి.

రెండోది: అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు. అది యూనికోడ్ తెలుగే, దాన్ని చూపించే ఫాంటు ఆ కంప్యూటర్లో లేదు. ఇది తేలిక జబ్బు. విండోస్ 8 నుంచి నిర్మల ఫాంటు కంప్యూటర్‌తోనే వస్తోంది. మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మూడోది: అక్షరాలు తెలుగే, కానీ ఒత్తులు కింద చేరకుండా విడిగా నిలబడతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. ఇక్కడ తప్పు ఫాంటుది కాకపోవచ్చు, సాఫ్ట్‌వేర్‌ది కావచ్చు. ఫొటోషాప్, ఇన్‌డిజైన్‌లలో భారతీయ భాషల కోసం ఒక సెట్టింగ్ మార్చాలి. ఇక పేజ్‌మేకర్ అయితే యూనికోడ్ తెలుగును తీసుకోనే తీసుకోదు. దాని ఆఖరి వెర్షన్ 2001 నాటిది. అయినా మన జిరాక్స్ షాపుల్లో అది ఇంకా రాజ్యమేలుతూనే ఉంది!

మూడు జబ్బులకు మూడు మందులు. ఏ జబ్బో చెప్పకుండా మందు అడిగితే ఎంత తెలిసినవారైనా ఏం చేస్తారు? డాక్టరు దగ్గరికి వెళ్లి ‘ఒంట్లో బాగాలేదు’ అని కూర్చుంటే ఆయన ఎదురు ప్రశ్నలు వేసి రాబడతాడు, ఫీజు తీసుకుంటాడు కాబట్టి. గ్రూపులో జవాబిచ్చేవారు స్టాఫ్‌రూములో దొరికిన పది నిమిషాల్లో ఊరికే సాయం చేస్తున్నారు. ఆ పది నిమిషాలూ మన నుంచి వివరాలు రాబట్టడానికే సరిపోతే సాయానికి ఏం మిగులుతుంది?

అదే ప్రశ్నను ఇలా అడిగి చూడండి: ‘విండోస్ 10, వర్డ్ 2016. విజయవాడ నుంచి మెయిల్లో వచ్చిన వర్డ్ ఫైలు. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయి. ఫాంటు పేరు ఉండే గడిలో అను అని మొదలయ్యే పేరు ఉంది. నిర్మలకు మార్చి చూశాం, మారలేదు. ఆరో తరగతి ప్రశ్నపత్రం, గురువారం లోపు ప్రింటు తీయాలి. స్క్రీన్‌షాట్, ఫైలు జతచేశాం.’ రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. జవాబు మొదటి సందేశంలోనే వచ్చే అవకాశం ఉంది. ఇందులో ‘మార్చి చూశాం, మారలేదు’ అన్న ముక్కను మేము అన్నిటికంటే విలువైనదిగా చూస్తాం. అది లేకపోతే అదే సలహా నలుగురు చెబుతారు.

స్క్రీన్‌షాట్ అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక. విద్యార్థుల పేర్లు, పుట్టినతేదీలు, ఆధార్ నంబర్లు కనిపించే యూడైస్ ప్లస్ పేజీలను అలాగే ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తున్నారు. ఆ వివరాలు పిల్లలవి, మనవి కావు. వాటిని చెరిపేసి ఎర్రర్ సందేశం ఉన్న భాగం పెట్టండి. ఆ సందేశాన్ని మాత్రం సొంత మాటల్లోకి మార్చకండి. ఏ భాషలో ఉంటే ఆ భాషలో, అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఎంత దగ్గరివారు అడిగినా ఇవ్వకూడదు.

ఒకే ప్రశ్న ఆరు గ్రూపుల్లో ఒకేసారి పడేయడం ఇంకో అలవాటు. ఒకచోట జవాబు దొరికాక మిగతా అయిదుచోట్ల ఎవరో పాపం ఇంకా వెతుకుతూనే ఉంటారు. ‘అయిపోయింది, ఫలానా చేస్తే సరిపోయింది’ అని ఒక్క ముక్క రాస్తే వచ్చే ఏడాది ఇదే చిక్కు వచ్చిన ఇంకో టీచరుకు పనికొస్తుంది. మాకైతే పది నమస్కారాల బొమ్మల కన్నా ఆ ముక్కే గొప్ప కృతజ్ఞత.

జవాబు చెప్పేవారికీ ఒక మాట. ‘ఇది కూడా తెలియదా’, ‘గూగుల్‌లో వెతుక్కోండి’ అన్న జవాబులు ఆ ఒక్కరినే కాదు, చూస్తున్న నలభై మందినీ నోరు మూయిస్తాయి. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద తెలుగు రాసి పిల్లలకు నేర్పిన పెద్ద మాష్టారు గ్రూపులో మొదటిసారి నోరు తెరిచి అడిగితే, ప్రశ్న అరకొరగా ఉన్నా, ‘మాష్టారూ, ఫాంటు పేరు ఉండే గడిలో ఏముందో ఒకసారి చూసి చెప్పండి’ అనడం కష్టమేమీ కాదు.

తల్లిదండ్రుల విషయానికొస్తే, ‘వాళ్ల నాన్న బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కదా, ఆయనే చూస్తాడు’ అని బడులు అనుకోవడం సహజం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అందరికీ తెలుగు ఫాంట్ల సంగతి తెలియాలని లేదు. అయితే సరైన ప్రశ్న ఎలా రాయాలో వారికి బాగా తెలుసు, వారి ఉద్యోగంలో అది రోజువారీ పని. డబ్బు సాయానికి బదులు ఒక శనివారం వచ్చి టీచర్లతో కూర్చుని నాలుగు ప్రశ్నలు రాయించండి.

పక్క షాపతనికి తెలుగు రాదని కొట్టిపారేయడం కూడా సరికాదు. కర్ణాటకలో పాత నుడి ఫైళ్లు, తమిళనాడులో వానవిల్, బామిని, ఒడిశాలో ఆకృతి, మహారాష్ట్రలో శ్రీలిపి — వీటితో అతనూ ఇదే చిక్కు పడ్డవాడే. ‘తెలుగు రావట్లేదు’ అంటే చేతులెత్తేస్తాడు. ‘ఇది తెలుగులో నుడి లాంటి పాత ఫైలు, యూనికోడ్‌లోకి మార్చాలి’ అని అతని భాషలో చెబితే దారి అతనే చూపించవచ్చు. మార్చాక అక్షరం అక్షరం సరిచూడాల్సింది మాత్రం మనమే. కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి, రెండో తరగతి పిల్లవాడు కాగితంలో ఏముంటే అదే ఒప్పనుకుంటాడు.