ఏడు నగరాల ప్రవాసం

రాజ్యం పోగొట్టుకుని పరదేశాల పాలైన రాజుల కథలు మనకు చాలానే తెలుసు. సంఘాన్ని పోగొట్టుకుని అలా తిరిగిన ఒక నాయకురాలి కథ ఈ వారం చెబుతాను.

ఆమె పేరు మిలేనా రుద్నిత్స్కా. 1892లో గలీషియాలోని జ్బోరివ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఉక్రేనియన్, తల్లి యూదుల ఆడపడుచు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత గలీషియా పోలెండు ఏలుబడిలోకి వచ్చింది. 1928 నుంచి 1935 దాకా మిలేనా పోలెండు పార్లమెంటు సభ్యురాలు. ఉక్రేనియన్ స్త్రీల సంఘానికి అధ్యక్షురాలు కూడా. సంఘమంటే పట్నపు ఇల్లాళ్లు చేరి ఫలహారాలు చేసే సంఘం కాదు లెండి. కోతల రోజుల్లో పల్లెల్లో చంటిపిల్లలను కనిపెట్టుకునే శిశువిహారాలు, వంటా కుట్టూ నేర్పే తరగతులు, చేతిపనుల అమ్మకానికి సహకార సంఘం—ఇవీ దాని పనులు.

1932–33లో సరిహద్దుకు ఆవల, సోవియట్ ఉక్రెయిన్‌లో, ఘోరమైన కరువు వచ్చింది. వాన లేక వచ్చింది కాదు. పండిన గింజను సర్కారు ఊడ్చుకుపోతే వచ్చింది. 35 లక్షల మందికి పైగా మరణించారని పలువురు చరిత్రకారుల అంచనా. 1933 సెప్టెంబరులో మిలేనా జినీవా వెళ్లి నానాజాతి సమితి తలుపు తట్టారు. అప్పుడు సమితి కౌన్సిలు అధ్యక్షులు నార్వే ప్రధాని మొవింకెల్. మనసున్న మనిషి, విషయాన్ని కౌన్సిలు ముందు పెట్టారు. రహస్యంగా చర్చించి, ఇది మన పని కాదు, రెడ్ క్రాసుకు చెప్పండి అన్నారు సభ్యులు. రెడ్ క్రాసు మాస్కోను అడిగింది. కరువే లేదని మాస్కో జవాబిచ్చింది. దొంగను పిలిచి, దొంగతనం జరిగిందా నాయనా అని అడిగినట్టు లేదూ?

1939లో ఎర్రసేన ల్వీవ్ నగరంలోకి వచ్చింది. సంఘం మూతపడింది. 47 ఏళ్ల వయసులో మిలేనా దేశం విడిచారు. క్రాకో, బెర్లిన్, ప్రేగ్, జినీవా, న్యూయార్కు, రోము, చివరకు మ్యూనిక్. యుద్ధకాలంలో మొదటి మూడూ హిట్లరు చేతిలోవే. తల్లి యూదురాలని గిట్టనివారు ఎవరైనా ఒక ఉత్తరం ముక్క రాస్తే చాలు! ఆ రాత్రులు ఎలా గడిచాయో ఊహించుకోవలసిందే.

1948లో ఫిలడెల్ఫియాలో ప్రవాస ఉక్రేనియన్ స్త్రీ సంఘాలన్నీ ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. అధ్యక్ష పదవి ఒలేనా కిసిలెవ్స్కాకు దక్కింది. మిలేనాకు మిగిలింది కలం. సోవియట్ పాలనను కళ్లారా చూసినవారి కథనాలు కూర్చి 1958లో న్యూయార్కులో ఒక సంపుటం వెలువరించారు. జినీవాలో తాను తట్టిన తలుపుల కథను కూడా ఆ ఏడే రాశారు. అప్పటికి పాతికేళ్లు గడిచాయి; ఆ కరువు మాట సోవియట్ దేశంలో ఎత్తడానికే వీల్లేదు. ఆవిడ రాయకపోతే ఆ తలుపుల వెనుక సంగతి మనదాకా ఎంత వచ్చేదో!

కొడుకు ఇవాన్ కెనడాలో పేరున్న చరిత్రకారుడయ్యాడు. తోబుట్టువుల్లో మిఖైలో మాత్రం ల్వీవ్‌లోనే ఉండిపోయారు. సాహిత్య విమర్శకులు, ఆచార్యులు. 1950లలో ప్రవాస జాతీయవాదులను దుయ్యబడుతూ సోవియట్ ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకంపై ఆయన పేరు కూడా ఉన్నది. ఇష్టపడి రాశారా, బతకడానికి రాశారా అని తీర్పు చెప్పడం దూరాన కూర్చున్న మనకు తగదు. ఆయన 1975లో ల్వీవ్‌లో పోయారు. మరుసటి ఏడు మార్చిలో మిలేనా మ్యూనిక్‌లో కన్నుమూశారు. ఉక్రెయిన్ స్వతంత్రమయ్యాక, 1993లో, ఆమె అస్థికలను ల్వీవ్ తీసుకువచ్చి లిచాకివ్ శ్మశానంలో ఖననం చేశారు.